పొయ్యి వెలిగించని పూట

మార్చి నెలాఖరు వచ్చిందంటే మాకు ఫోన్లు మొదలవుతాయి. విశాఖపట్నంలో కాపురం ఉన్నవాళ్ళందరికీ ఇది మామూలే. "సెలవులకి పిల్లల్ని తీసుకొద్దామనుకుంటున్నాం, సముద్రం చూడాలని గోల చేస్తున్నారు" అని ఒకరు. "సింహాచలం మొక్కు ఉండిపోయింది, పనిలో పనిగా అరకు కూడా చూసేస్తాం" అని ఇంకొకరు. రైలు టిక్కెట్లు, గదులు, ఎండలు అన్నీ మాట్లాడుకున్నాక ఫోను పెట్టేసే ముందు అందరూ అడిగే ప్రశ్న ఒకటుంది. "ఇంతకీ మీ ఊళ్ళో బయట తినాలంటే ఎక్కడ బాగుంటుంది?"

ఈ ప్రశ్నకి మావారి దగ్గర ఒక జాబితా ఉంది. మా అబ్బాయి దగ్గర ఇంకోటి ఉంది, అందులో సగం పేర్లు నాకు నోరు తిరగవు. నన్నడిగితే మాత్రం నేను తిరిగి ఒక ప్రశ్న వేస్తాను. "మీలో రోజూ వంట చేసేది ఎవరు? ఆవిడకి ఏం తినాలని ఉందో అడిగారా?"

వేళాకోళానికి అనడం లేదండీ. బయట తినడం ఇంట్లో అందరికీ ఒకలాంటిది కాదు. పిల్లలకి అది సరదా, మగవాళ్ళకి కాలక్షేపం. మూడు పూటలా వండి, వడ్డించి, గిన్నెలు సర్దే మనిషికి అది సెలవు. ఏడాదికి అలాంటివి ఎన్ని దొరుకుతాయో మీ అందరికీ తెలుసు. అందుకని దొరికిన పూట ఎక్కడ ఖర్చు పెడుతున్నాం అన్నది నాకు చిన్న విషయంగా అనిపించదు.

మాది తెనాలి. 2003లో పెళ్ళై ఈ ఊరొచ్చాను. ఇన్నేళ్ళలో ఈ ఊళ్ళో తిన్నవీ, తినలేక వదిలేసినవీ, మా అత్తగారి పుణ్యమా అని తెలుసుకున్నవీ కొన్ని ఉన్నాయి. అవే ఇక్కడ రాస్తున్నాను.

ముందు పొద్దుటి టిఫిను. నా దృష్టిలో ఇల్లాలికి అన్నిటికంటే పెద్ద సెలవు పొద్దుటిదే. రాత్రి భోజనానికి బయటికి వెళ్తే మిగిలేది ఒక కూర, ఒక చారు. పొద్దున్నే టిఫినుకి వెళ్తే, ముందురోజు పప్పు నానబెట్టడం, రుబ్బడం, లేవగానే చట్నీ, ఒకరికి ఇడ్లీ ఒకరికి అట్టు, ఈ తతంగం అంతా తప్పుతుంది. పైగా ఖర్చు తక్కువ. నలుగురికి రాత్రి భోజనానికయ్యే డబ్బుతో రెండు మూడు ఆదివారాలు టిఫిను తినొచ్చు.

ద్వారకానగర్‌లో సాయిరామ్ పార్లర్ అంటే ఊళ్ళో తెలియనివాళ్ళుండరు. వెంకటాద్రి వంటిల్లు కూడా అంతే. ఆదివారం తొమ్మిది దాటితే ఇలాంటిచోట్ల నిలబడి ఎదురుచూడాలి. ఏడున్నరకల్లా వెళ్తే కూర్చునే చోటూ ఉంటుంది, అట్టూ తీరిగ్గా కాలుతుంది. పెసరట్టు నేను ఇంట్లో కూడా బాగానే వేస్తాను. కానీ ఇంట్లో వేసేటప్పుడు నా అట్టు ఎప్పుడూ ఆఖరిది. పెనం వేడెక్కి అంచులు మాడేది, పిండి అడుగంటినప్పుడు వేసేది నాదే. హోటల్లో అయితే ఉప్మా లోపల పెట్టి మడిచిన పెసరట్టు, పక్కన అల్లప్పచ్చడి, నా ముందుకి నా కోసమే వస్తుంది. పెద్ద పేరున్న చోటుకే వెళ్ళాలని లేదు. ఎంవీపీ కాలనీలోనో, మద్దిలపాలెంలోనో, ఏ సందు చివరైనా పొద్దున్నే పొగలు కక్కే టిఫిను కొట్టు ఒకటి ఉంటుంది. పూరీ మీద బొంబాయి చట్నీ పోసి ఇస్తారు. కొన్నిచోట్ల దిబ్బరొట్టె కూడా దొరుకుతుంది. మందపాటి మూకుడులో మూతపెట్టి, సన్న సెగ మీద అడుగు ఎర్రగా కాలేదాకా ఓపిక పట్టాల్సిన పని అది. ఇంట్లో నలుగురికి చెయ్యాలంటే పూట గడిచిపోతుంది. అందుకే నేను బయట తినేటప్పుడు ఎక్కువ పని పట్టేవే ఎంచుకుంటాను. ఉప్మా తినడానికి హోటలెందుకు చెప్పండి!

సాయంత్రమైతే బీచ్. రామకృష్ణా బీచ్‌లో కురుసుర జలాంతర్గామి దగ్గర్నుంచి అటూ ఇటూ బళ్ళు వరసగా ఉంటాయి. మరమరాల్ని ఇక్కడ మురీలంటారు. బెంగాలీ వాళ్ళూ ముడి అనే అంటారు, పక్కనే ఉన్న ఒడిశా వాళ్ళ మాటా దానికి చుట్టమే. మురీ మిక్చర్ ఈ ఊరి తిండి. మురీలలో సన్నగా తరిగిన ఉల్లిపాయ, టమాటా, వేయించిన పల్లీలు, కొత్తిమీర, ఉప్పు, కారం వేసి, నిమ్మకాయ పిండి, గబగబా కలిపి పొట్లంలో పోసిస్తాడు. ఇచ్చిన రెండు నిమిషాల్లో తినెయ్యాలి, లేకపోతే మెత్తబడిపోతుంది. అదే దాని అందం. దానికోసం ఇంకెవరినీ ఆగమనక్కర్లేదు, ఇంకెవరికీ వడ్డించక్కర్లేదు. ఎవరి పొట్లం వాళ్ళదే.

టమాటా బజ్జీని చీల్చి అందులో ఉల్లిపాయ కూరి ఇస్తారు, అదీ బాగుంటుంది. బొగ్గుల మీద కాల్చిన మొక్కజొన్న పొత్తుకి నిమ్మచెక్కతో ఉప్పూ కారం రాయించుకోవచ్చు. నేను చూసేది రెండే. ఉల్లిపాయలు మన కళ్ళెదుట తరుగుతున్నాడా, పొద్దుటివి గిన్నెలో పడి ఉన్నాయా. బజ్జీల నూనె రంగు ఎలా ఉంది. నల్లగా, చిక్కగా, నురగ కడుతుంటే పక్క బండికి వెళ్ళిపోతాను. నీళ్ళు మాత్రం ఇంటి నుంచే. ఇంకో మాట, పిల్లలు నీళ్ళలోకి దిగుతామంటే పాదాలు తడిసేదాకా చాలు. ఆర్కే బీచ్‌లో అలలు చూడ్డానికి అందంగా ఉంటాయి కానీ లోపలికి లాగేస్తాయి. ఏటా ఎవరో ఒకరింట్లో ఏడుపు వింటూనే ఉంటాం. పొట్లం చేతిలో ఉన్నా చూపు పిల్లల మీదే ఉండాలి.

ఇక చేపలు. విశాఖ వచ్చి చేప తినకుండా వెళ్ళడమా అంటారు చుట్టాలు. నిజమే. కానీ చుట్టాలు వచ్చేది మే నెలలో. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, తూర్పు తీరమంతా మరబోట్లు వేటకి వెళ్ళకూడదు. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి ప్రభుత్వం పెట్టిన నిషేధం. ఆ రెండు నెలలూ ఫిషింగ్ హార్బర్‌లో బోట్లు ఒకదాని పక్కన ఒకటి కట్టేసి ఉంటాయి. తెడ్లతో వెళ్ళే చిన్న పడవలవాళ్ళు తెచ్చేది కొంచెం, దాని ధర ఆకాశంలో. మరి ఆ రోజుల్లో హోటళ్ళలో ఇన్ని చేపలు ఎక్కడివి అంటే, కొన్ని ఐసులో ఉన్నవి, కొన్ని వేరే తీరం నుంచి లారీల్లో వచ్చినవి, కొన్ని చెరువుల్లో పెంచినవి. అవి తినకూడదని కాదు. చెరువు రొయ్యలూ, చెరువు పండుగప్పా బాగానే ఉంటాయి. కానీ "ఇప్పుడే సముద్రంలోంచి వచ్చింది" అని నమ్మి దాని ధర ఇవ్వక్కర్లేదు. వేట నిషేధం తీరాక జూన్ చివర్లోనో, జులైలోనో వస్తే అసలు రుచి తెలుస్తుంది.

హోటల్లో మొప్పలెత్తి చూడలేం కదా, మరి తాజాదో కాదో ఎలా తెలుస్తుంది? ఈ సంగతి చెప్పింది మా అత్తగారు. "పాత చేపకి మసాలా ఎక్కువేస్తారమ్మా" అంటారు. అందుకని మెనూ చూడకుండా ముందు "ఇవాళ ఏం చేప వచ్చింది?" అని అడుగుతాను. వెంటనే ఒక పేరో రెండు పేర్లో చెబితే మంచి గుర్తు. వంజరం, చందువ, పండుగప్ప, పీతలు, రొయ్యలు అన్నీ ఉన్నాయమ్మా అంటే, ఆ పూట కోడికూరతో సరిపెట్టుకుంటాం. వంజరాన్ని ఇటువైపు కోనాం అంటారు. ఆ పేరుతో అడిగితే మనం ఈ ఊరివాళ్ళమేనని వడ్డించే కుర్రాడికి అర్థమవుతుంది. కొత్తచోట మొదట వేపుడు ముక్క ఒకటి తెప్పించుకుంటాం. పులుసులో చింతపండు చాలా దాచేస్తుంది, వేపుడు ఏదీ దాచలేదు.

అత్తగారి మాట వచ్చింది కాబట్టి అసలు సంగతికి వస్తాను.

మా అత్తగారు శ్రీకాకుళం జిల్లా పల్లెటూరి మనిషి. మామయ్యగారు పోయాక, 2019లో మా దగ్గరికి వచ్చేశారు. ఆవిడకి బయట తిండి పడదని మా ఇంట్లో అందరికీ తెలుసు. మావారికి చిన్నప్పట్నుంచీ తెలుసు, మా ఆడపడుచుకీ తెలుసు. పెళ్ళైన కొత్తలో నాకు చెప్పిన మొదటి విషయాల్లో అదొకటి. "అమ్మ హోటల్లో తినదు."

దాంతో ఆదివారం బయటికి వెళ్ళే పూట మా ఇంట్లో ఎలా ఉండేదంటే, అందరూ తయారవుతుంటే నేను అత్తయ్యకి అన్నం వండి, ఒక కూర చేసి, మజ్జిగ తీసి, మూతలు పెట్టి, అప్పుడు చీర మార్చుకునేదాన్ని. ఆవిడేమో "నాకెందుకమ్మా వొండడం, ఇంత చద్దన్నం ఉంటే తినీసి తొంగుంటాను, మీరెల్లి రండి" అనేవారు. అలా అన్నంత మాత్రాన పెద్దావిడకి చద్దన్నం పెట్టి మనం వెళ్ళి మసాలా దోసెలు తింటామా? వండేదాన్ని. ఒక్కరికి వండినా ఐదుగురికి వండినా కడగాల్సిన కుక్కరు ఒకటే. హోటల్లో కూర్చున్నా నా మనసు గడియారం మీదే ఉండేది. ఆవిడ తిన్నారో లేదో, బీపీ మాత్ర వేసుకున్నారో లేదో. అది సెలవు కాదు, పనిని రెండు చోట్లకి పంచడం.

ఒక రథసప్తమి రోజు. టీవీలో అరసవల్లి గుడి చూపిస్తున్నారు. జనం, క్యూలు, క్షీరాభిషేకం. ఇద్దరం కింద కూర్చుని గోంగూర వలుస్తున్నాం. అత్తయ్య టీవీ వైపే చూస్తూ "నానోపాలి ఎల్లాను" అన్నారు. ఎప్పుడు అని అడిగాను.

"మీ ఆయన నెలల గుంటడు. మీ మావయ్య, మా తోటికోడళ్ళు, ఆల పిల్లలు, అందరం పదకొండుమందిమి ఎల్లాం. దర్శనం అయిపోనాక అందరికీ ఆకలి. ఓటల్ కాడికెల్లాం. పిల్లోడు ఒకటే ఏడుపు. 'నువ్వు సామాన్ల కాడ కూకో, మేం తినీసి వచ్చీస్తాం' అన్నారు. చెట్టు కింద కూకున్నాను. వొచ్చినప్పుడు నాలుగు ఇడ్లీలు ఆకులో కట్టి తెచ్చారు. చల్లారిపోనాయి."

"తర్వాతెప్పుడూ వెళ్ళలేదా అత్తయ్యా?"

"ఎల్లినప్పుడల్లా ఎవులో ఒకలు ఉండాల గదమ్మా. పిల్లల కాడో, గొడ్ల కాడో. నాకు పడదని చెప్పీసేదాన్ని. అలా చెప్తే మరి ఆలు అడగరు. నాకూ బాధుండదు."

అంత మామూలుగా అన్నారు. మళ్ళీ గోంగూర వలవడంలో పడిపోయారు. మావారి వయసంత పాత మాట అది. ఆవిడకి బయట తిండి పడదన్న సంగతి ఇల్లంతా ఇన్నేళ్ళు నిజమని మోస్తూ వచ్చింది. పడకపోవడం అంటే కడుపుకి కాదు. రమ్మని ఎవరూ అడగని చోట ఉండిపోవడానికి ఆవిడ వెతుక్కున్న ఒక మర్యాదైన మాట.

ఆ రాత్రి మావారికి చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. "నేనేగా ఏడ్చింది" అన్నారు చివరికి. నెలల పిల్లాడు ఏడవక ఏం చేస్తాడండీ. నేను ఆయనతో ఒకటే అన్నాను. ఈసారి "అమ్మా, వస్తావా" అని అడగొద్దు, అలా అడిగితే రానంటారు. "అమ్మా, ఆదివారం మధ్యాహ్నం నీకు ఇంట్లో వంట లేదు, ఎక్కడికెళ్దామో నువ్వే చెప్పు" అను.

ఆవిడ ఊరికే ఒప్పుకోలేదు. మోకాళ్ళ నొప్పులన్నారు. మెట్లెక్కలేనన్నారు. అక్కడ ఎవరో ఎలా వండుతారో అన్నారు. చివరికి "ఓటల్లో చేత్తో తినొచ్చా?" అని మా అమ్మాయిని చాటుగా అడిగారట. అప్పుడు తెలిసింది నాకు, వెళ్ళాలని ఉందని.

అప్పట్నుంచి హోటల్ ఎంచుకోవడంలో నా లెక్కలు మారాయి. మీ ఇంట్లో పెద్దవాళ్ళుంటే మీకూ పనికొస్తాయని రాస్తున్నాను. మెట్లు లేకుండా ఉండాలి, ఉంటే లిఫ్ట్ ఉండాలి. సోఫాల్లాంటి లోతు సీట్లు వద్దు, మోకాళ్ళ నొప్పులవాళ్ళు అందులోంచి లేవలేరు, వీపుకి ఆనుకునే మామూలు కుర్చీ మేలు. పాటలు చెవులు చిల్లులు పడేలా పెట్టేచోటు అసలొద్దు. ఆడవాళ్ళ బాత్రూమ్ శుభ్రంగా ఉందో లేదో మొదటిసారి వెళ్ళినప్పుడే చూసి గుర్తుపెట్టుకోవాలి. షుగరున్నవాళ్ళుంటే రద్దీ వేళకి ముందే వెళ్ళిపోవాలి, మధ్యాహ్నం పన్నెండున్నరకి, రాత్రి ఏడున్నరకి. ఆలస్యమైతే ఆకలికి కళ్ళు తిరుగుతాయి. వడ్డన భోజనం దొరికేచోటైతే మరీ మంచిది. మెనూ కార్డు చూసి అది కావాలి ఇది కావాలి అని చెప్పడం అలవాటు లేనివాళ్ళు, ధరలు చూసి ఏమీ వద్దంటారు. భోజనమైతే ఆ బాధ లేదు, అన్నీ వాటంతటవే వస్తాయి.

జగదాంబ దగ్గర దసపల్లా హోటల్లో ధరణి అని శాకాహార భోజనానికి పేరున్నది ఒకటుంది. డాబాగార్డెన్స్, అసీల్మెట్ట వైపు కూడా భోజన హోటళ్ళు చాలా ఉన్నాయి. అందులో మెట్లు లేని ఒకదానికి అత్తయ్యని తీసుకెళ్ళాం.

నేత చీర కట్టుకున్నారు. కుర్చీ అంచున కూర్చున్నారు, ఎవరైనా పిలిస్తే లేచి వెళ్ళడానికి వీలుగా అన్నట్టు. విస్తరాకు పరిచారు. పప్పు, కూర, వేపుడు, పచ్చడి, పొడి, నెయ్యి వరసగా వచ్చాయి. మేమందరం తినడం మొదలుపెట్టాం. ఆవిడ మాత్రం మా ఆకుల్లోకి చూస్తున్నారు, ఎవరికి ఏం తక్కువైందో అని. మావారు "అమ్మా, తిను" అన్నారు. అప్పుడు కలుపుకున్నారు.

సాంబారు అయ్యాక వడ్డించే అబ్బాయి అన్నం పళ్ళెంతో వచ్చి "ఇంకొంచెం వెయ్యమంటారా అమ్మా?" అన్నాడు. అత్తయ్య నా వైపు చూశారు, నన్నే అడిగాడనుకుని. "మిమ్మల్నే అత్తయ్యా" అన్నాను. "వెయ్యి నాయనా" అన్నారు. వేడివేడి అన్నం. దాని మీద ఆవిడే రసం పోయించుకున్నారు. నేను పక్కకి తిరిగి పచ్చడి కలుపుకున్నాను. నా కళ్ళు చూసి మా అమ్మాయి "అమ్మా, కారంగా ఉందా?" అంది. అవునన్నాను.

ఇదేదో సినిమాలోలా ఆవిడ ఆనందంతో పొంగిపోయారని చెప్పను. బయటికి రాగానే "పప్పులో ఇంగువెక్కువైంది. వేపుడుకి నూనె కారిపోతంది. దీనికి అంత డబ్బా!" అన్నారు. కారెక్కాక కాసేపాగి, "ఆ రసం బాగుంది, ఏటేసుంటారో" అన్నారు. ఇంటికొచ్చాక చేతి సంచిలోంచి కిళ్ళీ తీశారు. భోజనంతో ఇచ్చినది, దాచుకుని తెచ్చుకున్నారు. తీరిగ్గా అరుగు మీద కూర్చుని నమిలారు.

ఆరోజు మా ఇంట్లో కుక్కరు కడగలేదు. నేను మధ్యాహ్నం రెండున్నర నుంచి నాలుగున్నర దాకా నిద్రపోయాను.

అప్పట్నుంచి ఆదివారం ఒక పూట పొయ్యి వెలిగించం. నెలకి రెండుసార్లు టిఫిను, ఒకసారి బీచ్, ఒకసారి భోజనం. ఇంటి ఖర్చుల పుస్తకంలో దానికో గీత గీసి పెట్టాను, నెలకి 3,000 దాటకూడదు. పండగ నెలల్లో దాటితే పై నెలలో తగ్గిస్తాం. ఎక్కడికన్నది వంతుల వారీగా చెప్పాలి. అత్తయ్య వంతు వచ్చినప్పుడు మురీ మిక్చరే అంటారు. దంతాలు బాగాలేవు, పల్లీలు ఏరి మా అబ్బాయికిస్తారు. అయినా అదే కావాలి. చేపల హోటలుకి మాత్రం ఇప్పటికీ ముఖం చిట్లిస్తారు. "కోనాం పులుసు నానొండినట్టు ఆలొండలేరు" అంటారు. అది నిజమే కాబట్టి ఎవరం మాట్లాడం.

కార్తీకమాసంలో నీచు మానేస్తాం కాబట్టి ఆ నెల చేపల మాటే లేదు. వనభోజనాలని భీమిలి దారిలో ఏ తోటకో, తొట్లకొండ వైపో వెళ్దామంటారు. సముద్రం పక్కనే సాగే ఆ రోడ్డు చూడ్డానికి కన్నులపండగే. కాకపోతే వనభోజనం అంటే ఆడవాళ్ళు తెల్లవారుజామున నాలుగింటికి లేచి ఇరవైమందికి పులిహోర కలపడమని మన ఇళ్ళల్లో ఒక అలవాటుంది. నేను దానికి ఒప్పుకోను. ఇంటికో వంటకం, అదీ ముందే పంచుకోవాలి. టిఫిను దారిలో కొనేసుకోవాలి. స్వీటు మాడుగుల హల్వా తెచ్చుకుంటే సరి. గోధుమపాలు, నెయ్యి, జీడిపప్పుతో చేసే ఆ హల్వా మనం ఇంట్లో చెయ్యాలంటే చేతులు పడిపోతాయి. మాడుగుల ఇక్కడికి దగ్గరే, ఊళ్ళో కూడా దొరుకుతుంది. చుట్టాలకి ఊరికి కట్టిచ్చి పంపడానికి కూడా నేను అదే ఇస్తాను, వారం పైన నిలవుంటుంది.

ఒక్క విషయం బిల్లు గురించి. ఆ కాగితం మగవాళ్ళ చేతికిచ్చి మనం పర్సు సర్దుకోవడం కాదు, ఒకసారి తీసుకుని చదవండి. మామూలు హోటళ్ళలో జీఎస్టీ 5 శాతం, అది రెండు సగాలుగా, రెండున్నర చొప్పున వేసి ఉంటుంది. అది కాక "సర్వీస్ చార్జి" అని ఇంకో గీత కనబడితే అది ప్రభుత్వ పన్ను కాదు. హోటలువాళ్ళు తమంతట తామే దాన్ని బిల్లులో కలపకూడదని 2022 జులైలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ మార్గదర్శకాలు ఇచ్చింది. ఇక్కడే ఒక హోటల్లో మాకు అలా వేశారు. తీసెయ్యమని మర్యాదగా అడిగాను. మేనేజరు కాసేపు నసిగి తీసేశాడు. తియ్యకపోతే 1915కి ఫోను చేసి ఫిర్యాదు చెయ్యొచ్చు. మిగిలిన ఆ డబ్బులోంచే వడ్డించిన అబ్బాయి చేతిలో యాభై రూపాయలు పెట్టాను. అతనికి చేరిందని నాకు తెలుసు కదా.

పోయిన వేసవిలో మా ఆడపడుచు కూతురు వచ్చింది, ఎనిమిది నెలల బాబుతో. ఆదివారం పొద్దున్నే అందరం టిఫినుకి తయారయ్యాం. బాబు రాత్రంతా పళ్ళొచ్చే చిరాకుతో ఏడ్చాడు, ఇంకా ఏడుస్తూనే ఉన్నాడు. ఆ అమ్మాయి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "అత్తా, మీరు వెళ్ళి రండి. వీడితో అక్కడ కూర్చోలేను. వచ్చేటప్పుడు నాకు రెండు ఇడ్లీలు తెచ్చెయ్యి చాలు. నాకు పొద్దున్నే ఎక్కువ పడదు కూడా" అంది.

నేను నోరు తెరిచేలోపే అత్తయ్య చెప్పులేసుకుంటూ అన్నారు. "ఎవులూ ఇంటికాడ ఉండక్కర్లేదు. గుంటడు ఏడిస్తే ఏడుస్తాడు. ఎత్తుకోడానికి ఇంతమందిమి లేమేటి? నడు."

వెళ్ళాం. వాడు హోటల్లోనూ ఏడ్చాడు. పక్క బల్లవాళ్ళు రెండుసార్లు చూశారు. మొదట మావారు ఎత్తుకుని బయట తిప్పారు, తర్వాత మా అబ్బాయి. అత్తయ్య తన ఇడ్లీ గబగబా ముగించి, చెయ్యి కడుక్కుని, వాడిని భుజాన వేసుకుని గుమ్మం దగ్గర నిలబడ్డారు. అక్కడ్నుంచే వడ్డించే కుర్రాడిని కేకేసి, "ఆ అమ్మాయికి ఇంకో పెసరట్టు ఎయ్యి బాబూ, ఏడిగా" అన్నారు.